పడిగె మీది వంశకథ

ఖమ్మం సరిహద్దు నుంచి భద్రాచలం మన్యం దాకా కోయలు, కొండరెడ్లు తరతరాలుగా వాడుతున్న వస్తువులను పరిశీలిస్తే, వాటికి అర్థం కల్పించినది ఎవరన్న ప్రశ్నకు ఒక్క రూపశిల్పి పేరు, అంటే వస్తువు ఆకారాన్నీ పనితీరునూ ముందుగా ఊహించి నిర్ణయించే వ్యక్తి పేరు, జవాబుగా దొరకదు. నీళ్లకో కల్లుకో వాడే ఆనపబుర్రకు సగం రూపం తీగే ఇస్తుంది. ముదిరి ఎండిన కాయకు రంధ్రం చేసి, గుజ్జూ గింజలూ తీసి ఆరబెట్టిన మనిషి, మెడ సన్నగా ఉన్నదాన్ని భుజానికి తగిలించుకునే పాత్రగానూ, తొడిమవైపు పొడుగ్గా సాగినదాన్ని నిలువునా కోసి గరిటెగానూ మలచి మిగతా సగం పూర్తిచేస్తాడు.

భారత ప్రభుత్వ ఆహ్వానంపై వచ్చిన అమెరికన్ రూపశిల్పులు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ 1958లో సమర్పించిన నివేదిక మన చెంబు గురించి దాదాపు ఇదే మాట చెప్పింది. ఎత్తినప్పటి బరువు, వంచినప్పటి ధార, చంకలో ఒదిగే తీరు వంటివన్నీ ఒకే మనిషి ఊహించి ఉండడనీ, అనేక తరాల వాడకమే ఆ రూపాన్ని తీర్చిందనీ వారి వాదన. అహ్మదాబాద్‌లో 1961లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఏర్పడటానికి ఈ నివేదికే ప్రేరణ.

అయితే చెంబుకు సరిపోయిన ఈ వివరణ పడిగె దగ్గర చాలదు. కోయల ఇలవేల్పుల కొలుపుల్లో వెదురు గడకు కట్టి ఎత్తే పొడవైన త్రికోణపు జెండాను పడిగె అంటారు. దాని మీద వేల్పులు, పూర్వీకులు, జంతువుల బొమ్మలు ఒక క్రమంలో ఉంటాయి. కోయ సమాజం మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అంటూ సంఖ్యలతో పిలిచే గోత్ర సమూహాలుగా ఉండి, ఒకే గట్టువారు వియ్యమందడం నిషిద్ధం కాబట్టి, ఎవరు ఎవరికి అన్నదమ్ములవుతారో, ఎవరికి వియ్యంకులవుతారో తేల్చే వంశచరిత్రకు ఈ బొమ్మలు ఆధారమవుతాయి. వాటిని చదివి వినిపించేది డోలీలు, అంటే డోలు వాయిస్తూ వేల్పుల కథలు పాడే కళాకారులు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఈ సంప్రదాయంలో కోయల వేల్పులైన సమ్మక్క సారలమ్మల కథను గానం చేసినవారే. 2022లో పద్మశ్రీ పొందిన ఆయన 2024లో కన్నుమూశారు.

వస్తువు అర్థం దాని ఆకారంలో కాక దాన్ని కొలిచే సమాజంలో ఉంటుందన్న భావన పొరుగునే ఉన్న మేడారంలో మరింత దూరం వెళ్లింది. రెండేళ్లకోసారి జరిగే జాతరలో చిలకలగుట్ట నుంచి వడ్డెలు, అంటే కోయ పూజారులు, తీసుకొచ్చే కుంకుమ భరిణెను భక్తులు సమ్మక్కగానే కొలుస్తారు. పూనుగొండ్ల నుంచి సమ్మక్క భర్త పగిడిద్దరాజు పడిగె రూపంలో వస్తాడు. ఇంట్లో అద్దం పక్కన ఉండే భరిణె వంటి వస్తువుకు, ఆకారం ఏమీ మారకుండానే, ఇంతటి అధికారం రావడం ఏ డిజైన్ పాఠ్యపుస్తకంలోనూ సులువుగా ఇమిడే విషయం కాదు.

కోయలు కొమ్ము నృత్యంలో ధరించే అడవిదున్న కొమ్ముల తలపాగా సంగతి వేరు: వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన 1972 తర్వాత వేటకు దారి మూసుకుపోవడంతో, పాత కొమ్ములకు వారసత్వపు విలువ కూడా తోడైంది.

ఇలాంటి వస్తువులు మ్యూజియానికి చేరినప్పుడు ఆనపబుర్ర తన కథను చాలావరకు తానే చెప్పుకోగలదు, మెడనూ రంధ్రాన్నీ చూస్తే దాని పని తెలిసిపోతుంది. పడిగెకు ఆ వెసులుబాటు లేదు కనుక, దాని పక్కన గట్టు పేరు, పాడే డోలీ కుటుంబం ఊరు, బొమ్మల వరుసకు సరిపోయే పాట ధ్వనిముద్రణ కూడా ఉంచవలసి ఉంటుంది.