సూరత్ శివార్లు: జనసాంద్రతకూ పచ్చదనానికీ నడుమ

తపతీ తీరాన వెలసిన సూరత్ చరిత్రను వర్తక చరిత్రగా చదవడం పరిపాటి. మొగలుల కాలంలో మక్కా యాత్రికులు ఓడలెక్కిన రేవుగా, 17వ శతాబ్ది తొలినాళ్లలో ఆంగ్లేయ వర్తకులు స్థావరం ఏర్పరచుకొన్న పట్టణంగా అది ప్రసిద్ధి పొందింది. ఆ చరిత్రనే ఖాళీ నేల చరిత్రగానూ చదవవచ్చు. 16వ శతాబ్ది ఆరంభంలో మాలిక్ గోపీ తవ్వించిన గోపీ తలావ్ కాలక్రమాన ఎండిపోయింది. నగరపాలక సంస్థ దానిని పునరుద్ధరించి పౌరులకు అప్పగించేసరికి 21వ శతాబ్ది రెండవ దశాబ్దం వచ్చింది. చేజారిన బహిరంగ స్థలాన్ని తిరిగి పొందడం ఎంత కష్టసాధ్యమో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

20వ శతాబ్ది ఉత్తరార్ధంలో మరమగ్గాలు, వజ్రాల సాన, వస్త్రాల అద్దకం నగర స్వరూపాన్నే మార్చివేశాయి. 1991లో సుమారు 15 లక్షలున్న జనాభా 2001 నాటికి 24 లక్షలు దాటింది. 2006లో నగర పరిధి 112 చదరపు కిలోమీటర్ల నుంచి 326కు విస్తరించిన పిమ్మట, 2011లో 44 లక్షలు మించింది. సౌరాష్ట్ర, మహారాష్ట్ర, ఒడిశాల నుంచి వచ్చిన శ్రామికులతో పాటు తెలంగాణ జిల్లాల పద్మశాలి కుటుంబాలు కూడా లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో స్థిరపడ్డాయి. మగ్గానికి చేరువలో గూడు దొరికితే చాలుననుకొన్న వారికి, పిల్లలు ఆడుకొనే మైదానం అందని కోరికగానే మిగిలింది.

1994 సెప్టెంబరులో ప్లేగు సోకినప్పుడు లక్షలాది ప్రజలు నగరాన్ని విడిచిపోయారు. మరుసటి ఏడు కమిషనరుగా వచ్చిన తెలుగువారు, శ్రీ సూర్యదేవర రామచంద్రరావు పారిశుధ్యాన్ని చక్కదిద్ది, అక్రమ నిర్మాణాలను తొలగించి, వీధులను వెడల్పు చేయించారు. ఆ కృషి ప్రశంసనీయం. అయితే కట్టిన పిదప కూల్చి స్థలం సంపాదించడం కన్నా, కట్టకముందే దానిని కేటాయించుకోవడం న్యాయమూ సులభమూ కాదా?

ఆ మార్గం గుజరాత్‌కు కొత్తది కాదు. 1915 నాటి బొంబాయి పట్టణ ప్రణాళిక చట్టం నుంచి వచ్చిన పద్ధతిని 1976 నాటి గుజరాత్ చట్టం కొనసాగించింది. దాని ప్రకారం రైతుల కమతాలను ఒకచోట చేర్చి, రోడ్లకూ ప్రజావసరాలకూ కొంత మినహాయించి, మిగిలిన నేలను క్రమమైన స్థలాలుగా తీర్చి యజమానులకే తిరిగి ఇస్తారు. యజమాని నిర్వాసితుడు కాడు. నగరానికి వీధి, తోట సమకూరుతాయి. ఉద్యానవనాలు, క్రీడాస్థలాలు, ఖాళీ ప్రదేశాల కోసం 5 శాతం వరకు భూమి కేటాయించేందుకు ఆ చట్టం వీలు కల్పిస్తున్నది.

చిక్కంతా ఈ 5 శాతంలోనే ఉన్నది. అది నేలను కొలుస్తుంది గాని మనుషులను లెక్కించదు. ఒక హెక్టారులో 5 శాతమంటే 500 చదరపు మీటర్లు. అక్కడ 200 మంది నివసిస్తే తలకు రెండున్నర చదరపు మీటర్లు దక్కుతుంది. అంతస్తులు పెరిగి 1000 మంది చేరితే అర మీటరే. కేంద్ర ప్రభుత్వం 2014లో వెలువరించిన పట్టణ ప్రణాళికా మార్గదర్శకాలు మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల బహిరంగ స్థలం వాంఛనీయమని సూచించాయి. జనసాంద్రత స్వతహాగా దోషం కాదు. అది పొలాలను కాపాడుతుంది, ప్రయాణాన్ని తగ్గిస్తుంది. అంతస్తులకు అనుమతి పెంచినప్పుడల్లా తోట వాటా పెరగకపోవడమే దోషం.

కంకరా వాగు వెంబడి 87 హెక్టార్లలో జీవవైవిధ్య ఉద్యానానికి 2022లో శంకుస్థాపన జరగడం హర్షణీయం. అయినా పెద్ద వనం ఎంత సుందరమైనదైనా, దూరాన ఉన్న ఇరుకు వీధిలోని బాలునికి ఇంటి పక్క ఆటస్థలం కాజాలదు. 2015లో అమరావతి కోసం భూసమీకరణ మార్గాన్నే అనుసరించిన తెలుగువారికి సైతం సూరత్ అనుభవం శిరోధార్యం. పునాది రాయి కన్నా ముందు తోట హద్దురాయి పడాలి. ఆ హద్దును నిర్ణయించేటప్పుడు నేల విస్తీర్ణంతో పాటు రాబోయే మనుషుల సంఖ్యనూ లెక్కలోకి తీసుకోవాలి.