రణపాల ఆకులో పులుపు: రెండు శతాబ్దాల అన్వేషణ

రణపాల ఆకు తెల్లవారుజామున పుల్లగా, మధ్యాహ్నం చప్పగా, పొద్దువాలేసరికి కాస్త చేదుగా ఉంటుందని బెంజమిన్ హేన్ నమిలి చూసి ఒక లేఖలో రాశాడు. మన సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటను చూసుకున్న వృక్షశాస్త్రవేత్త ఆయన. ఆ లేఖ 1815లో లండన్ లిన్నేయన్ సొసైటీ సంపుటిలో అచ్చయింది. అంతకుముందే 1804లో జెనీవా శాస్త్రవేత్త ద సాసూర్, నాగజెముడు చీకట్లో కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటుందని గమనించాడు. ఈ రెండింటికీ ఉన్న సంబంధం తేలడానికి శతాబ్దం పైగా పట్టింది.

1940లలో న్యూకాజిల్‌లో మైరియన్ థామస్ బృందం ఆ ముడి విప్పింది. నీరు ఆవిరైపోకుండా ఈ మొక్కలు పగలు పత్రరంధ్రాలు మూసి, రాత్రి తెరుస్తాయి. అప్పుడు లోపలికొచ్చిన వాయువును పెప్ కార్బాక్సిలేజ్ అనే ఎంజైము పట్టుకుంటుంది, అది మాలిక్ ఆమ్లంగా మారుతుంది. పగలు ఆ ఆమ్లం విడిపోయి వచ్చిన కార్బన్ డయాక్సైడుతో రుబిస్కో అనే మరో ఎంజైము చక్కెర తయారీ మొదలుపెడుతుంది.

ఇక్కడే అసలు చిక్కు. మాలేటు, అంటే మాలిక్ ఆమ్లపు అయాను, పేరుకుంటే అదే పెప్ కార్బాక్సిలేజ్‌ను అణచేస్తుంది. కణద్రవ్యం పీహెచ్ 8 నుంచి 7 వైపు దిగితే ఆ అణచివేత మరింత గట్టిపడుతుంది. అందుకే మొక్క ధాన్యాన్ని గాదెలో పోసినట్టు ఆమ్లాన్ని కణంలోని రిక్తిక అనే సంచిలో దాస్తుంది. రిక్తిక పొరలోని ప్రోటాన్ పంపులు ఈ పని నడిపిస్తాయి. తెల్లారేసరికి రిక్తిక పీహెచ్ మూడున్నర దాకా పడిపోతుంది, కణద్రవ్యం మాత్రం తటస్థానికి దగ్గరగానే ఉంటుంది. హేన్ నాలుకకు తగిలిన పులుపు రిక్తికలోదే.

ఆమ్లాన్ని దూరంగా ఉంచడమొక్కటే సరిపోదు. 1984లో గ్లాస్గోలో హ్యూ నిమ్మో బృందం, రణపాల ప్రజాతి అయిన బ్రయోఫిల్లంలో ఈ పెప్ కార్బాక్సిలేజ్ పగలొక రూపంలో, రాత్రొక రూపంలో ఉంటుందని చూపింది. ఫాస్ఫేటు తగిలిన రాత్రి రూపం, పగటి రూపంతో పోలిస్తే మాలేటును పది రెట్లు ఎక్కువగా తట్టుకుంటుంది. ఆ ఫాస్ఫేటును తగిలించే కైనేజ్ జన్యువు 1999లో దొరికింది. దానిని నడిపేది మొక్కలోని జీవగడియారం. కణద్రవ్యంలో మాలేటు పెరిగినా ఆ కైనేజ్ తగ్గుతుంది. పగలు రిక్తిక నుంచి మాలేటు బయటికొస్తున్నప్పుడు ఎంజైము అణగిపోకపోతే, విడుదలైన వాయువును అదే మళ్లీ పట్టుకుని రుబిస్కోకు అందకుండా చేసేది. ఈ పరిశోధనలన్నిటిలో నాకు అత్యంత గొప్పగా తోచేది ఈ కట్టడే.

మన ఇంటర్ అధ్యాపకులకు ఒక మనవి. ఈ పాఠం చెప్పేటప్పుడు రణపాల ఆకును నమలమనకండి, అందులో గుండెకు హాని చేసే రసాయనాలున్నాయి. తెల్లవారుజామున ఒక ఆకు, సాయంత్రం ఒక ఆకు నూరించి, పీహెచ్ కాగితంతో పిల్లలచేతే కొలిపించండి. హేన్ పేరుతోపాటు సామర్లకోట పేరు కూడా చెప్పండి.