జొన్నబెండ్ల బండి: షోలాపురపు తెలుగుపిల్లల చేతిబొమ్మల చరిత్ర

ఇట్టి సంచికలలో మన పెద్దల వలసలను గూర్చియు, వారు కట్టించిన గుళ్లను గూర్చియు, మన కవులను గూర్చియు వ్యాసములు తరచుగా వచ్చుచుండును. అవి వలసినవే. కాని మన పిల్లలు వేనితో ఆడుకొనిరి, ఆ యాటవస్తువులను ఎవరు చేసిపెట్టిరి అను విషయమును గూర్చి వ్రాసినవారు మాకు కనబడలేదు. కారణము లేకపోలేదు. గుడికి శాసనముండును, పుస్తకమునకు అట్టయుండును. ఉదయమున చేసిన బొమ్మ సాయంకాలమునకు విరిగి పొయ్యిలోనికి పోవును. ఈ చరిత్రకు దస్తావేజులు లేవు. చేతులును నోళ్లును మాత్రమే కలవు. ముప్పదియేండ్లకు పైగా ఒక నూలు వ్యాపారపు కార్యాలయమున లెక్కలు వ్రాసి, కాగితము లేనిదానిని నమ్మరాదని నేర్చుకొన్నవారము మేము. అయినను ఇక్కడ ఆ నియమమును విడిచితిమి. విడుచుటకు మేము చేసిన యొక తప్పు కారణము. దానిని తరువాత చెప్పెదము.

బొంబాయినుండి వచ్చు రైలుమార్గము 1860లో షోలాపురము చేరెను. 1874లో వాడీనుండి సికిందరాబాదునకు రైలు పడినది. 1877లో ఈ పట్టణమున మొదటి నూలుమిల్లు ఆడనారంభించినది. నైజాము రాజ్యములోని కరీంనగరము, నల్లగొండ, మహబూబునగరము మొదలగు సీమలనుండి పద్మశాలీలు మగ్గము పనికిని, మిల్లు పనికిని ఇటు వచ్చి స్థిరపడిరి. ఆడువారికి బీడీలు చుట్టు పని దొరికెను. సాఖరుపేట, భద్రావతిపేట వంటి పేటలలో ఇప్పటికిని ఇంటిలో తెలుగు, బజారులో మరాఠీ వినవచ్చును. ఇదంతయు మన పాఠకులకు తెలిసినదే గనుక పెంచి వ్రాయము.

వారు వచ్చునపుడు మూటలో బొమ్మలను తెచ్చినవారు కారు. సత్తుగిన్నెలు, చద్దరు, దేవుని పటము, చేతనైనచో పలకకర్ర తెచ్చియుందురు. బొమ్మలు వారి చేతులలో వచ్చినవి. కాని ఆ చేతులకు ఇక్కడ అన్నియు దొరకలేదు. తాటాకుతో గిలకయు, బూరయు చేయుట మా తాతకు తెలియును. ఇక్కడ మా వీథికి తాటాకు ఎక్కడిది? మామిడిటెంకను రాతిపై అరగదీసి బూర చేసికొనుట మాత్రము వేసవిలో ఎట్లో సాగెడిది. తక్కినవి మరుగునబడెను. నిలిచినది జొన్నదంటు. తెలంగాణమును, షోలాపురమును, రెండును జొన్నసీమలే. రబీపంట కోసినపిమ్మట మాఘఫాల్గుణములలో దంట్లబండ్లు పట్టణములోనికి పశువుల మేతకై వచ్చుచుండెను. బండివెంట పరుగెత్తి నాలుగు దంట్లు లాగికొనుట మా వయసు బాలురందరును చేసినపనియే.

ఆ దంటుతో బండి చేయు విధమును వివరముగా వ్రాసెదము, ఏలయన దీనిని వ్రాసియుంచిన పుస్తకము మేము చూడలేదు. దంటు బాగుగా ఎండవలెను. పచ్చిదైనచో బెండు ముడుచుకొనిపోవును. గణుపులను విడిచి, నడుమ భాగములను జేనెడేసి పొడవున విరిచికొనవలెను. పైపెచ్చును నిలువునా చీల్చి తీసినచో లోపల తెల్లని బెండు వచ్చును. పెచ్చు అంచు కత్తివంటిది. అయిదారేండ్ల పిల్లలచేత దానిని తీయింపరాదు, పెద్దవారే తీసి ఇయ్యవలెను. ఇక సామగ్రి రెండే: బెండు కలప, పెచ్చు మేకు. జిగురు అక్కరలేదు, దారము అక్కరలేదు. పెచ్చును సన్నని పుల్లలుగా చీల్చి బెండులో గ్రుచ్చినచో బెండు దానిని గట్టిగా పట్టుకొనును. రెండు పొడవాటి బెండ్లు ప్రక్కప్రక్కన పెట్టి, నడుమ అడ్డపుల్లలు గ్రుచ్చినచో బండితొట్టి. దాని క్రింద పెచ్చు తీయని సన్నని దంటుముక్క ఇరుసు. చక్రమునకు పొడవాటి పెచ్చును గుండ్రముగా వంచి, దాని రెండు కొనలను ఒక బెండుముక్కలో గ్రుచ్చి, ఆ ముక్కనుండి చుట్టునకు నాలుగైదు పుల్లలు ఆకులవలె నిలుపవలెను. కొనలకు సీలలు. నొగ, కాడి, తుదకు రెండు ఎడ్లు. ఎద్దునకు మొండెమొక బెండు, కాళ్లు నాలుగు పుల్లలు, కొమ్ములు వంచిన పెచ్చులు. చేయి తిరిగిన అవ్వలకు ఇది అరగంట పని. పిల్లలకు ఒక పూట పట్టును. ఆ పూటంతయు వారు ఇంటిలో అల్లరి చేయరు గనుక తల్లులకును ఇష్టమే.

బండిబొమ్మ ఎంత పాతదో చెప్పవలెనన్నచో సింధునది లోయకు పోవలెను. మొహెంజొదారో, హరప్పా త్రవ్వకములలో నాలుగువేల యేండ్లకు పైబడిన మట్టిబండ్లు, మట్టిఎడ్లు, పిట్టరూపపు మట్టిఈలలు బయటపడినవి. శూద్రకుని మృచ్ఛకటికమునకు ఆ పేరు వచ్చినదే ఒక పిల్లవాని మట్టిబండివలన. చారుదత్తుని కొడుకు రోహసేనుడు పొరుగింటి బాలుని బంగారుబండితో ఆడి, అది చేజారిపోగా, దాసి రదనిక మట్టితో బండి చేసి ఇచ్చును. వాడు అది వలదని ఏడ్చును. వసంతసేన జాలిపడి, బంగారుబండి చేయించుకొమ్మని తన నగలు ఒలిచి ఆ మట్టిబండిలో నింపును. పండితులు వసంతసేన త్యాగమును పొగడుదురు. మాకు మాత్రము రదనిక మీదనే మనసు పోవును. ఆమె పని తీరికలో మట్టి పిసికి, చక్రములు అమర్చి, బిడ్డకు ఇచ్చినది. బిడ్డ దానిని త్రోసివేసినాడు. నాటకమునకు పేరు ఆమె చేతిపనియే, కాని ఆమెను తలచువారు అరుదు.

ఇక నూలు. శాలీల యింట నూలునకు కొదువయా యని అడుగవచ్చును. మంచినూలు ముట్టకూడదు, చిక్కునూలు మాత్రమే పిల్లలది. ఈ భేదమును మేము వీపుతో నేర్చుకొన్నాము. ఏడవయేట గాలిపటమునకై పడుగునుండి పోగులు కోసితిమి. తండ్రిగారు ఆ పూట తెగిన పోగులను అతుకుచు కూర్చుండి పని పోగొట్టుకొనిరి. అతుకుట ముగిసినపిమ్మట లేచి వచ్చిరి. మా అవ్వ అడ్డుపడి, మరునాడు చిక్కునూలుతో బొమ్మ చేసి చేతికిచ్చినది. చేయుట సులభము. తపాలాకార్డు పొడవునకు నూలును నలువది, ఏబది చుట్లు చుట్టవలెను. పైకొనను ఒక పోగుతో బిగించి, కార్డును లాగివేసి, క్రిందికొనను కత్తిరింపవలెను. బొటనవ్రేలెడు క్రిందికి మరియొక కట్టు కట్టినచో తల. ఇరుప్రక్కల కొన్ని పోగులను విడదీసి మణికట్టువద్ద కట్టినచో చేతులు. నడుమునకు కట్టు. ఆడబొమ్మకు క్రింది పోగులు అట్లే లంగా. మగబొమ్మకు రెండుగా చీల్చి కాళ్లు. మన దేశమున తపాలాకార్డు 1879లో వచ్చినది గనుక అంతకుముందు అరచేతికే చుట్టియుందురు.

కాగితములు అతుకుటకు జిగురు కొనినవారము కాము. పడుగునకు పెట్టు గంజియే జిగురు. గట్టిగా పట్టవలసినచోట చింతగింజలను వేయించి, పొట్టు తీసి, నానబెట్టి నూరి ఉడికించిన ముద్ద. కొండపల్లివారు పొనికికర్ర బొమ్మలలో అతుకులకును, పూతకును చింతగింజల ముద్దతో రంపపుపొట్టు కలిపి వాడుదురు. అదియే సరకు, ఆ పనితనము మాత్రము వారిది.

ఖాళీ అగ్గిపెట్టెలు రెండింటికి పోగు కట్టి టెలిఫోను చేయుట అందరికి తెలియును. పోగు బిగువుగా ఉన్నపుడే మాట వినబడును. దారపురీలుతో చేయు ప్రాకుడుబండి అంతగా తెలియదు. చెక్కరీలు రంధ్రముగుండ సైకిలుట్యూబునుండి కోసిన సన్నని రబ్బరుపట్టీని దూర్చి, ఒకవైపున అగ్గిపుల్లతుంటకు తగిలించి కదలకుండ చేయవలెను. రెండవవైపున కొవ్వొత్తి బిళ్లకు నడుమ రంధ్రము చేసి, దానిగుండ రబ్బరును తీసి పొడవాటి పుల్లకు తగిలింపవలెను. పుల్లను ఇరువది ముప్పదిమార్లు త్రిప్పి నేలపై విడిచినచో రీలు తనంతట ప్రాకును. అంచులకు గంట్లు పెట్టినచో మెట్టుకూడ ఎక్కును. చెక్కరీళ్లు పోయి ప్లాస్టిక్ రీళ్లు వచ్చినపిమ్మట గంట్లు పెట్టుట కష్టమైనది. బీడీల యిండ్లలో తునికాకును రాత్రి తడిపి, పొద్దున రేకుఅచ్చు పెట్టి కత్తిరింతురు. మిగిలిన అంచులతో ఆడపిల్లలు బొమ్మలపెండ్లికి విస్తళ్లు కుట్టెడివారు. పొగాకు తగిలిన ఆకును మాత్రము పిల్లలకు ఇయ్యరాదని మా అవ్వ చెప్పుచుండెడిది. అప్పుడు ఛాదస్తమనుకొంటిమి. ఆమె మాటయే నిజము.

పండుగలలో రెండు భాషల చేతిపనియు కలిసినది. భాద్రపదమున ఆడపిల్లలు పుట్టమన్నుతో పీటపై అంతస్తులుగా బొడ్డెమ్మను చేసి పూలు గ్రుచ్చెదరు, తరువాత బతుకమ్మ. మగపిల్లలము దీపావళికి మరాఠీ బాలురతో కలిసి కిల్లా కట్టెడివారము. రాళ్లు పేర్చి, పాత గోనెసంచిని బురదలో ముంచి కప్పి, ఆవాలో రాగులో చల్లినచో నాలుగైదు దినములకు కోట పచ్చబడును. పైన శివాజీ బొమ్మ. మా కోటలో ఒక ప్రక్కన ఎప్పుడును జొన్నబెండ్ల బండి నిలిచియుండెడిది. కోటకు ధాన్యము తెచ్చు బండి యని మేము చెప్పెడివారము.

బడులు ఈ సంగతిని ఆలస్యముగ కనుగొన్నవి. జర్మనీలో ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లల బడి పెట్టి, వారికిచ్చు మొదటి కానుకగా రంగుల ఉన్నిబంతులను ఏర్పరచెను. మన మహారాష్ట్రముననే తారాబాయి మోడక్ 1945లో బోర్డీ గ్రామమున పిల్లల కేంద్రము నెలకొల్పి, అనుతాయి వాఘ్‌తో కలిసి, వెలగల మాంటిసోరి సామగ్రికి బదులు ఆకులు, గవ్వలు, రాళ్లు, మట్టి వాడి చూపిరి. అంగన్‌వాడీ అను మాట వారి పనినుండి వచ్చినదే. 1975లో కేంద్రప్రభుత్వపు పథకము ఆ పేరును దేశమంతట వ్యాపింపజేసినది. ఆ మహాతల్లులు గొప్పవారు. అయినను మా అవ్వ బడి ముఖము చూడకయే ఆ పని చేసినదని తలచుకొన్నపుడు కొంచెము గర్వము కలుగుట మానవసహజము.

ఇక మా తప్పు. కొన్నియేండ్ల క్రిందట ఒక వేడుకలో పదియేండ్లలోపు పిల్లలకు, ఇంటి వస్తువులతో బొమ్మలు చేయు పోటీ పెట్టిరి. నిర్ణేతలు ముగ్గురు, అందులో మేమొకరము. బల్లలనిండ అంగడినుండి తెచ్చిన థర్మాకోలు గుళ్లు, మెరుపుకాగితపు రాకెట్లు. తండ్రుల చేయి పడినదని చూడగానే తెలియుచున్నది. ఒక మూలను ఏడేండ్ల బాలిక వార్తాపత్రికపై జొన్నబెండ్ల బండిని పెట్టికొని నిలుచున్నది. ఒక చక్రము ఒరిగియున్నది. ప్రక్కన చీటీపై ఆ బండిపేరు తెలుగుమాటయే, దేవనాగరిలో వ్రాసినది. బడి మరాఠీది గనుక. మేము నీటునకు పదింట మూడు మార్కులు వేసితిమి. థర్మాకోలు గుడికి మొదటి బహుమతి. సభ ముగిసి బల్లలు సర్దునపుడు ఆ బండిని ఎవరో చెత్తతోపాటు ఊడ్చివేసిరి. ఆ పిల్ల బల్లలక్రింద వెదకుచుండగా చూచితిమి. ఏమియు చెప్పక ఇంటికి వచ్చితిమి.

నిదుర పట్టలేదు. మరుసటి ఆదివారము వారి యిల్లు వెదకికొని పోయితిమి. అవ్వ గడపలో కూర్చుండి బీడీలు చుట్టుచున్నది. క్షమింపుమని చెప్పబోగా ఆమె నవ్వి, "పోతే పోనీ పంతులూ, దంట్లు శానా ఉన్నయి" అని లోపలినుండి నాలుగు తీసికొనివచ్చినది. చేట ప్రక్కకు జరిపి బండి మొదలుపెట్టినది. మేము జేబులోని కాగితము తీసి ఒక్కొక్క భాగముపేరు అడుగుచు వ్రాసికొనుచుంటిమి. జవాబులు చెప్పినది అవ్వ కాదు, ఆ పిల్ల. ఇరుసు, నొగ, సీల. తెలుగులో పది అంకెలు తడబడక చెప్పలేని పిల్ల, ఎడ్లబండి ఎక్కి యెరుగని పిల్ల, ఆ మాటలను ఒక్కటియు తప్పక చెప్పినది. మేము చక్రమని వ్రాయుట చూచి, ఏమి వ్రాసితిరని అడిగినది. చెప్పితిమి.

"తాతా, చక్రం గాదు, గిర్ర" అన్నది.

కొట్టివేసి గిర్ర యని వ్రాసితిమి. ఆ బండి నేడును మా బల్లపై గలదు. బెండు పురుగు తినును; ఎడమప్రక్క గిర్రను ఆ పిల్ల వచ్చి రెండుమారులు మార్చిపోయినది.