అంతఃప్రజనన గణనము: వంశవృక్షము నుండి జన్యుసూచికల వరకు

ఒకే పూర్వుని యందలి జన్యువు తల్లి వైపునను తండ్రి వైపునను దిగివచ్చి, సంతానమునందు రెండు ప్రతులుగా కలిసికొనుట అంతఃప్రజననము. దీనిని పెద్దలు చెప్పిన వంశక్రమమును బట్టి గాక, రక్తమునందలి గుర్తులను బట్టి కొలుచు విద్య గడచిన నూరేండ్లలో పెంపొందినది. మేనరికము ఆచారముగా నిలిచియున్న తెలుగుదేశమున, అందును ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి కడప సీమ పట్టణములందు, ఈ విద్యకు పని మిక్కిలి కలదు.

ఈ సీమలో పెండ్లిమాట కదలగానే పెద్దలు గోత్రమడుగుదురు. పిదప మేనవరుస విచారింతురు. సగోత్రము నిషిద్ధమే గాని, గోత్రము తండ్రి వైపున మాత్రమే నడచును గనుక మేనమామ కూతురు పరగోత్రీకురాలగును, అక్కకూతురును అట్లే. జన్యువులలో సగము తల్లి వైపునుండి వచ్చునను సంగతి గోత్రవిచారమున కందదు. ప్రొద్దుటూరి కన్యకాపరమేశ్వరి ఆలయమున దసరా ఉత్సవములను వైభవముగా జరుపుకొను ఆర్యవైశ్యులు తమ 102 గోత్రములను నేటికిని స్మరింతురు. కోమట్లనబడు వీరు మేనరికమును నిష్ఠతో పాటింతురని 1909లో వెలువడిన ఎడ్గర్ థర్‌స్టన్ గ్రంథమున కలదు.

గణనమునకు పునాది వేసినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు స్యూయల్ రైట్. 1922లో ఆయన అంతఃప్రజనన గుణకమును నిర్వచించెను. లెక్క కష్టమైనది కాదు. మేనత్త కొడుకును మేనమామ కూతురును పెండ్లాడిరనుకొందము. వారి తాత అవ్వలకు ఒక్కొక్క జన్యువునకు రెండేసి చొప్పున నాలుగు ప్రతులుండును. అందొక ప్రతి ఇరువైపులను మూడేసి మెట్లు దిగి బిడ్డను చేరు అవకాశము 64లో 1. నాలుగు ప్రతులకును కలిపి 16లో 1. మేనమామ అక్కకూతును చేసికొన్నచో అది రెట్టింపై 8లో 1 అగును. పిఠాపురమున జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు, 1957లో భారతదేశమునకు తరలివచ్చిన జన్యుశాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్‌కు శిష్యుడై, పి. మీరాఖాన్‌తో కూడి ఆంధ్రప్రదేశమున ఇట్టి వివాహములెంత తఱచో, వాని ఫలితమెట్టిదో 1960వ దశకమున పరిశీలించి ప్రకటించెను.

అయితే వంశవృక్షము మూడు నాలుగు తరములకు మించి జ్ఞాపకముండదు. అందుచే శాస్త్రజ్ఞులు రక్తవర్గములను, పిమ్మట జన్యుసూచికలనబడు డీఎన్ఏ గుర్తులను ఆశ్రయించిరి. ఒక సంఘమున నూరుమందిలో యాభైమంది రెండు భిన్నరూపముల ప్రతులు కలవారై యుండవలసియుండగా, నలుబదియైదుగురే కనబడినచో, ఆ కొఱత పదింట ఒకవంతు, అదియే గుణకము. ఇందొక ప్రమాదము కలదు. ప్రొద్దుటూరి అంగడివీధిలో కనబడినవారి నెల్ల, కులభేదము పాటింపక, ఒకే రాశిగా పోసి లెక్కించినచో, ఒక్క మేనరికమైనను లేకున్నను ఇదే కొఱత గోచరించును. వేర్వేరుగా బ్రతుకు సంఘములను కలిపినందున కలుగు ఈ భ్రాంతిని వాలుండ్ అను శాస్త్రజ్ఞుడు 1928లోనే ఎత్తిచూపెను.

వ్యక్తి లెక్క తేలినది మాత్రము ఇటీవలనే. తల్లినుండి వచ్చిన క్రోమోజోము, తండ్రినుండి వచ్చిన క్రోమోజోము చాలదూరము అక్షరాక్షరము ఏకమైయుండు ఖండములు కొందరియందు కలవని బ్రోమన్, వెబర్ అనువారు 1999లో చూపిరి. స్కాట్లండునందలి ఆర్క్నీ ద్వీపవాసులపై 2008లో ప్రకటితమైన పరిశోధన, అట్టి ఖండముల మొత్తమును కొలబద్దగా స్థాపించెను. దీర్ఘఖండములు సమీప బాంధవ్యమునకు, హ్రస్వఖండములు ప్రాచీన బాంధవ్యమునకు సాక్ష్యము. ఒకే మేనరికపు దంపతుల బిడ్డలైన అన్నదమ్ములిద్దఱికిని ఈ మొత్తము సమానముగా నుండదు; సగటున నూటికి 6.25 అని వంశవృక్షము చెప్పుచుండగా, ఒకనికి నాలుగును మరియొకనికి ఎనిమిదియును కావచ్చును. ఈ తారతమ్యమును పట్టియిచ్చుటయే సూచికల గొప్పతనము.

మన విషయమున మిక్కిలి ముఖ్యమైన పరిశోధన హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రజ్ఞులు లాల్జీసింగ్, తంగరాజ్‌లు, అమెరికాకు చెందిన డేవిడ్ రైక్ ప్రభృతులు 2009లో ప్రకటించినది. ఆంధ్ర వైశ్యులు రెండు మూడు వేల యేండ్లకు పూర్వము కొలదిమంది మూలపురుషుల నుండి విస్తరించి, ఇతరులతో కలయక నిలిచిరని అందు తేలినది. అనగా మేనరికము కాని వివాహమందును, పరిచయములేని రెండు కుటుంబముల మధ్యను, పూర్వబాంధవ్యము దాగియుండును. మేనరికమును మానినంతమాత్రమున అది తొలగదు. 263 సంఘములను పరిశీలించిన 2017 నాటి వ్యాసమును ఈ వైశ్యుల ఉదాహరణమును ప్రస్తావించెను. సక్సినైల్‌కోలిన్ అను కండరములను సడలించు మందును శరీరమున విఱుగగొట్టు ఎంజైము లోపము, ఇతరులకంటె వీరియందు నూరురెట్లు అధికమని అందు కలదు. ఆ లోపమున్నవారికి శస్త్రచికిత్సానంతరము ఊపిరి తిరిగి అందుట గంటలకొలది ఆలస్యమగును.

కావున శస్త్రచికిత్సకు పోవునపుడు, పూర్వము తమ యింట నెవరికైన నిట్లు జరిగియున్నచో, ఆ మాట మత్తువైద్యునకు ముందుగా చెప్పవలెను. రక్తపరీక్షచే ఆ లోపమును ముందే కనుగొనవచ్చును.