గుండును లాగిన కొండ



కుత్బుల్లాపూరు నుంచి మేడ్చల్ దాకా ఎటు చూసినా కొత్త ఇళ్ళు లేస్తున్నాయి. గోడ నిటారుగా ఉందో లేదో చూడడానికి తాపీమేస్త్రి దారానికి గుండు కట్టి వేలాడదీస్తాడు కదా! అది తిన్నగా కిందికే చూపుతుందని మనమంతా అనుకుంటాం. కాని దగ్గరలో పెద్ద పర్వతం ఉంటే గుండు రవంత అటు మొగ్గుతుంది. ఆ రవంత మొగ్గు వెనక పెద్ద చరిత్రే ఉంది.

ద్రవ్యరాశి ఉన్న ప్రతి వస్తువూ మరో వస్తువును తనవైపు లాగుతుందని 1687లో న్యూటన్ చెప్పాడు. ఒకదాని రాశి రెండింతలైతే లాగుడూ రెండింతలు. ఎడం రెండింతలైతే లాగుడు నాలుగో వంతు. మరి మనం ఒకరినొకరం లాక్కోమేం అంటారా? లాక్కుంటూనే ఉన్నాం! 60 కిలోల ఇల్లాళ్ళు ఇద్దరు ఒక మీటరు ఎడంగా కూర్చుంటే, వారి మధ్య ఆకర్షణ మిల్లీగ్రాములో 40వ వంతు బరువుపాటి. అందుకే మనకు తెలియదు. అలాంటి అతి చిన్న లాగుడునే 1798లో ఇంగ్లండులో కావెండిష్ సీసపు గుండ్లతో కొలిచి చూపాడు.

ఇక మన వైపు సంగతి. 1802లో మద్రాసు దగ్గర ల్యాంబ్టన్ అనే సైనికాధికారి భూమి కొలత మొదలుపెట్టాడు. ఆ పని దక్షిణాదినంతా చుట్టి, 1815 నాటికి మనకు పడమరనున్న బీదరు చేరింది. 1818లో అతనికి సహాయకుడుగా వచ్చినవాడే జార్జి ఎవరెస్టు. నిజాం రాజ్యపు అడవుల్లో జ్వరాలు ఆ బృందాలను పీడించాయి. ఎవరెస్టు పేరు శిఖరానికి దక్కింది; గొలుసులు మోసిన ఖలాసీలలో ఎందరి పేర్లు మనకు తెలుసు?

1841 నాటికి కొలత హిమాలయాల దాపుకు వెళ్ళింది. అక్కడ వచ్చింది చిక్కు! మధ్య భారతంలోని కల్యాణ్‌పూర్‌కూ, ఉత్తరాన కలియానాకూ మధ్య అంతరం నేలమీద కొలిస్తే ఒకటి, నక్షత్రాలను చూసి లెక్కకడితే మరొకటి. తేడా సుమారు 160 మీటర్లు. నక్షత్రాలను చూసే పరికరానికి నిటారు చూపేది గుండే. ఆ గుండునే కొండలు పక్కకు లాగాయన్నమాట!

1855లో కలకత్తాలోని ప్రాట్ అనే మతాధికారి లెక్క వేశాడు. అంత పెద్ద హిమాలయాలు నిజానికి దానికి మూడింతలు లాగవలసింది. ఎందుకు లాగలేదు? కొండల అడుగున తేలికైన రాయి లోతుగా దిగి ఉందని, నీళ్ళలో దుంగ తేలినట్టు అవి తేలుతున్నాయని అదే ఏడు ఏరీ వివరించాడు. తప్పుగా తోచిన తేడాను కొట్టివేయకుండా పట్టుకున్నారు కాబట్టే పర్వతాల వేళ్ళ సంగతి బయటపడింది.

ఇప్పుడు ఈ విద్యకు మన హైదరాబాదే ఒక నెలవు. 1961లో ఇక్కడ ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వారు, చోటుచోటుకూ మారే ఈ ఆకర్షణను కొలిచి, నేల తవ్వకుండానే అడుగున బరువైన రాయి ఉందో తేలికైనది ఉందో అంచనా వేస్తారు.

చేతిలోంచి గరిటె జారితే ఎందుకు పడిందని పిల్లలు అడుగుతారు. భూమి లాగిందని చెప్పి ఊరుకోకండి. గరిటె కూడా భూమిని అంతే బలంతో లాగిందని చెప్పండి. వాళ్ళు నమ్మరు. అప్పుడు ఈ కొండ కథ వినిపించండి.