నీళ్ల కింద పట్నం

ఉగాది వెళ్లిన వారం, “ఏదైనా పట్నం చూసొద్దామండీ” అన్నాను. మావారు నల్లగొండ జిల్లా నాగార్జునసాగర్ తీసుకెళ్లి లాంచీ ఎక్కించారు. “పట్నమేదీ?” అంటే వేలితో కిందికి చూపించారు. నీళ్లు!

వేళాకోళం కాదు. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసిన లోయ అదే. 1926లో శిథిలాలు బయటపడ్డాయి. 1955లో నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. మునిగేలోపు 1960 దాకా తవ్వి, దొరికిన శిల్పాలనూ కొన్ని కట్టడాలనూ కొండమీదికి చేర్చారు. ఆ కొండే నేటి దీవి, నాగార్జునకొండ.

అక్కడి కథల్లో నన్ను నిలబెట్టేసింది రాజులు కాదు, ఆడవాళ్లు. మహాచైత్యానికి స్తంభాలు ఎత్తించింది వీరపురుషదత్తుడి మేనత్త చాంతిసిరి. ఆమెదంటే రాజవంశం. బోధిసిరి మాత్రం మామూలు గృహిణి. సింహళ భిక్షువులకోసం చైత్యం కట్టించి, తనవాళ్లందరినీ తలచుకుంటూ శాసనం వేయించింది. పదిహేడు వందల ఏళ్లయినా ఆ పేరు చెరగలేదు!

తిరుగు లాంచీలో ఒక ముసలమ్మ నీళ్లకేసి చూస్తూ, “మా అమ్మ పెట్టిన చింతచెట్టు గీ నీళ్లల్లనే మునిగింది బిడ్డా” అంది.

“బాధగా లేదా పెద్దమ్మా?”

“ఉండదా? గని గీ కాల్వ నీళ్లతోనే మిర్యాలగూడల మా బిడ్డ వరి పండిస్తున్నది. ఏమనాలె?”

నాకూ జవాబు తోచలేదు. ఇంటికొచ్చి బోధిసిరి పేరు డైరీలో రాసుకుంటుంటే గుర్తొచ్చింది: ఆ చెట్టు పెట్టిన తల్లి పేరు నేను అడగనేలేదు.