బండి ఎవరిది, బాధ్యత ఎవరిది

ఇంగ్లండ్‌లో ఇద్దరు వృద్ధ మహిళలకు సొంత బండి ఉండేది గానీ గుర్రాలు లేవు. కావలసినప్పుడల్లా మిస్ మార్ట్‌లాక్ అనే ఆవిడ దగ్గర గుర్రాల జతను, తోలేవాణ్ణి అద్దెకు తెప్పించుకునేవారు. బండివాడికి వారం జీతం ఇచ్చేది మార్ట్‌లాకే. ఈ మహిళలు సవారీకింత అని రెండు షిల్లింగులు అతని చేతిలో పెట్టేవారు. తమ హోదాకు తగ్గట్టు అతనికి కోటూ టోపీ కూడా వాళ్లే కొన్నారు. సవారీ అయ్యాక అతను వాటిని విప్పి వాళ్లింట్లో పెట్టి వెళ్లాలి. ఒకరోజు అలాగే టోపీ పెట్టి వద్దామని లోపలికి వెళ్లాడు. పగ్గాలు పట్టుకునే దిక్కులేక గుర్రాలు పరుగందుకున్నాయి, దారిలో ఇంకొకరి బండిని బోల్తా కొట్టించాయి. దెబ్బలు తిన్న మనిషి ఆ మహిళల మీదే దావా వేశాడు. బండి వాళ్లది, టోపీ వాళ్లది, అతను లోపలికి వెళ్లింది ఆ టోపీ కోసమే. ఇంకేం కావాలి?

1840లో ఎక్స్‌చెకర్ కోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. బండివాణ్ణి పనిలో పెట్టుకున్నదీ జీతమిస్తున్నదీ మార్ట్‌లాక్ కాబట్టి అతని తప్పుకు ఆ మహిళలు బాధ్యులు కారని న్యాయమూర్తి పార్క్ తేల్చాడు. క్వార్మన్ వర్సెస్ బర్నెట్ అనే ఈ కేసు లా కాలేజీ గడప దాటి బయటికి వచ్చింది తక్కువే. కానీ సొంతంగా కాంట్రాక్టు పనులు చేసుకునేవాళ్లు ఇవాళ కట్టే లయబిలిటీ బీమా ప్రీమియానికి మూలం వెతుక్కుంటూ పోతే ఈ గుర్రాల దగ్గరికే చేరతాం. పని చేయించుకున్నవాళ్లు తప్పుకున్నారు, పని ఒప్పుకున్నవాళ్లు దొరికిపోయారు. తర్వాతి కాలంలో ఈ సూత్రానికి మినహాయింపులు చాలానే పుట్టాయి గానీ మొదటి గీత మాత్రం చెరిగిపోలేదు.

అప్పటి కోర్టులకు పని చేయించుకునేవాళ్ల మీద ఉన్న అభిమానం అంతా ఇంతా కాదు. అంతకు మూడేళ్ల ముందు, 1837లో, అదే కోర్టుకు ఇంకో బండి కేసు వచ్చింది. ఫౌలర్ అనే మాంసం వ్యాపారి దగ్గర పనిచేసే ప్రీస్ట్‌లీ అనే కుర్రాడు, మోయలేనంత సరుకెక్కించిన బండి విరగడంతో కిందపడి తొడ విరగ్గొట్టుకున్నాడు. జ్యూరీ నూరు పౌండ్లు ఇప్పించింది. న్యాయమూర్తి లార్డ్ ఆబింజర్ దాన్ని కొట్టేశాడు. ఇతనికి ఇప్పిస్తే రేపు పనిమనిషి తడి పక్క వేసిందనీ, వంటమనిషి రాగి గిన్నెలు సరిగా తోమలేదనీ నౌకర్లు యజమానుల మీద దావాలకు దిగుతారన్నది ఆయన బెంగ. తొడ విరిగిన కుర్రాడి బాధ కంటే ఆ ఊహల్లోని తడి పక్కలే ఆయన్ని ఎక్కువ కలతపెట్టినట్టున్నాయి.

రైళ్లూ మిల్లులూ గనులూ పెరిగాక ఈ ధోరణి సాగలేదు. 1880లో బ్రిటిష్ పార్లమెంటు యజమానుల బాధ్యత చట్టం తెచ్చింది. చట్టం వచ్చిన ఏడాదే లండన్‌లో ఎంప్లాయర్స్ లయబిలిటీ అష్యూరెన్స్ కార్పొరేషన్ అనే కంపెనీ లేచింది. ఆ బాధ్యతను బీమాగా అమ్మడమే దాని పని. 1886లో అది అమెరికాలోనూ దుకాణం తెరిచింది. కొత్త సరుకును చూసి పెద్దమనుషులు ముక్కున వేలేసుకున్నారు. ఇల్లు కాలితే, ఓడ మునిగితే బీమా ఇవ్వడం సరే, మనిషి తన నిర్లక్ష్యానికి తానే బీమా చేయించుకుంటే ఇక ఒళ్లు దగ్గర పెట్టుకుని ఎందుకు ఉంటాడన్నది వాళ్ల ప్రశ్న. అమెరికా కోర్టుల్లో కూడా ఈ వాదన వచ్చింది, నిలబడలేదు. బీమా లేకపోతే దెబ్బ తిన్నవాడికి గెలిచిన డిక్రీ కాగితం తప్ప దక్కేదేమీ ఉండదని అందరికీ తెలిసివచ్చింది.

మన దేశంలో 1923 నాటి వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం కాంట్రాక్టరు సంగతి సూటిగానే పట్టించుకుంది. దాని 12వ సెక్షన్ ప్రకారం, తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టుకిచ్చిన అసలు యజమాని, కాంట్రాక్టరు కూలీకి ప్రమాదం జరిగితే ముందు తానే పరిహారం కట్టాలి. కట్టాక ఆ సొమ్మును కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవచ్చు. కట్టే మేడ మీంచి కూలి జారిపడితే అతని కుటుంబం మేస్త్రీ జాడ కోసం తిరిగే అవస్థ తప్పింది. మేస్త్రీకి మాత్రం ఒరిగిందేమీ లేదు, డబ్బు కాస్త ఆలస్యంగానైనా అతని జేబులోంచే పోతుంది.

ఇంతవరకూ కథంతా విరిగిన కాళ్లది, కూలిన గోడలది. చేత్తో ముట్టుకోలేని నష్టాల సంగతి 1963లో తేలింది. హెడ్లీ బర్న్ అనే ప్రకటనల సంస్థ, ఈజీపవర్ అనే కంపెనీ ఆర్థికస్థితి ఎలా ఉందని ఆ కంపెనీ బ్యాంకును వాకబు చేయించింది. బాగానే ఉందన్న జవాబు నమ్మి ముందుకెళ్లి, 17 వేల పౌండ్లు పోగొట్టుకుంది. జవాబు మీద ‘మా బాధ్యత లేదు’ అన్న ముక్క ఉండబట్టి బ్యాంకు బయటపడింది. కానీ అజాగ్రత్తగా ఇచ్చిన సలహా వల్ల డబ్బు పోయినా, మధ్యలో ఒప్పందమంటూ లేకపోయినా బాధ్యత పుట్టవచ్చని హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. డిజైనర్లూ అకౌంటెంట్లూ కన్సల్టెంట్లూ ఇవాళ ప్రొఫెషనల్ లయబిలిటీ పాలసీ విడిగా కొనడానికి ఈ ఆలోచనే పునాది. జనరల్ లయబిలిటీ పాలసీ ప్రధానంగా చూసేది దెబ్బలూ ఆస్తినష్టమూనే. తప్పు సలహాకు, తప్పు లెక్కకు దానిలో చోటు ఉండదు.

తప్పు లెక్క అంటే ఎంత దాకా పోతుందో ఇంగ్లండ్‌లోని సెయింట్ ఆల్బన్స్ కౌన్సిల్ కేసులో చూడవచ్చు. ఐసీఎల్ కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్, పన్ను కట్టాల్సిన జనాభాను సుమారు 3 వేలు ఎక్కువ చూపించింది. తలసరి పన్ను ఆ మేరకు తక్కువగా ఖరారై, కౌన్సిల్ ఖజానాకు చిల్లు పడింది. ఎంత నష్టమైనా తమ బాధ్యత లక్ష పౌండ్లకు మించదని ఒప్పందంలో ఉందిగా అంది కంపెనీ. అయితే ఐసీఎల్‌కు 5 కోట్ల పౌండ్ల బీమా ఉంది. ఇంత బీమా పెట్టుకుని బాధ్యతను లక్షకు కుదించడం సమంజసం కాదని 1994లో కోర్టు ఆ షరతును పక్కన పెట్టింది. అప్పీలులో పరిహారం తగ్గింది గానీ షరతు మాత్రం లేచి నిలబడలేదు.

అంతకుముందే బీమా కంపెనీలకు కూడా గట్టి దెబ్బే తగిలింది, ఆస్‌బెస్టాస్ రూపంలో. ఆ పీచు పీల్చిన కార్మికులకు జబ్బు బయటపడేది దశాబ్దాల తర్వాత. పాత పాలసీలు సంఘటన జరిగిన కాలాన్ని బట్టి వర్తించేవి కాబట్టి, ఎప్పుడో వసూలు చేసిన చిన్న ప్రీమియాలకు పెద్ద పరిహారాలు చెల్లించాల్సి వచ్చింది. 1980ల నడుమ అమెరికాలో ప్రీమియాలు మండిపోయాయి. 1986 మార్చిలో టైమ్ పత్రిక ముఖచిత్ర కథనం చేసేంత గొడవ అయింది. వైద్యుల బీమాలో అప్పటికే పాతుకున్న క్లెయిమ్స్-మేడ్ పద్ధతికి సాధారణ వ్యాపార బీమాలోనూ దారి ఏర్పడింది. తప్పు ఎప్పుడు జరిగిందన్న దానికంటే ఫిర్యాదు ఎప్పుడు వచ్చిందన్నదే ఇందులో ముఖ్యం.

ఈ పాత కథల బరువంతా అమెరికాలో కాంట్రాక్టింగ్ చేసే తెలుగువాళ్ల మీదికి ఒక్క కాగితంగా వచ్చి పడుతుంది. గ్రీన్‌కార్డో పౌరసత్వమో వచ్చాక సొంత ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పెట్టుకుని సీటూసీలోకి, అంటే కంపెనీకీ కంపెనీకీ మధ్య కుదిరే కాంట్రాక్టుల్లోకి, దిగినవాళ్లను వెండర్ మొదట అడిగేవాటిలో బీమా సర్టిఫికెట్ ఒకటి. క్లయింట్, ప్రైమ్ వెండర్, సబ్ వెండర్ ఒకరి బాధ్యత ఒకరు కిందికి తోసుకుంటూ వస్తే చివరికి ఆగేది ఈ కాంట్రాక్టరు దగ్గరే. ఒంటిమనిషి ఎల్‌ఎల్‌సీలో మార్ట్‌లాకూ బండివాడూ ఒక్కడే మరి! ప్రాజెక్టు సోమవారం మొదలవుతుందంటే శుక్రవారం రాత్రి ఆన్‌లైన్‌లో ఏది చవకైతే అది కొని సర్టిఫికెట్ పంపేస్తారు. తీరా చూస్తే అది ఒట్టి జనరల్ లయబిలిటీ. క్లయింట్ ఆఫీసులో ఎవరి ల్యాప్‌టాప్ మీదో కాఫీ ఒలికితే పనికొస్తుంది గానీ, రాసిన కోడ్ వల్ల బిల్లింగ్ తారుమారైతే పలకదు. సాధారణంగా క్లెయిమ్స్-మేడ్ పద్ధతిలోనే ఉండే ప్రొఫెషనల్ పాలసీ తీసుకున్నవాళ్లు చూసుకోవలసిన తేదీ ఒకటి ఉంది. ఏ రోజు తర్వాత చేసిన పనికి రక్షణ మొదలవుతుందో చెప్పే రెట్రోయాక్టివ్ డేట్ అది. బీమా కంపెనీ మారినప్పుడు దాన్ని పాతదిగానే ఉంచమని అడగాలి. ప్రాజెక్టు అయిపోయిందని పాలసీ ఆపేస్తే, ఆరునెలల తర్వాత వచ్చే లాయర్ నోటీసుకు ఆ పాలసీ పనికిరాదు. ఆపేముందు టెయిల్ కవర్ అనే పొడిగింపును విడిగా కొనుక్కోవాలి.